కాఫీ తోటా, సబా వలసా?

ఇండోనేషియాలోని ఫ్లోరెస్ దీవిలో, బజావా చుట్టూ ఉన్న కొండ ఊళ్లు అరబికా కాఫీకి పేరుపడ్డవి. ఇరవై ఏళ్ల కుర్రాడికి అక్కడ ఒకటే ప్రశ్న: తోట చూసుకోవాలా, ఓడెక్కి మలేషియాలోని సబాకు, పామాయిల్ తోటల్లో పనికి పోవాలా?

ఖర్చు: తోటకు మొక్కలు, చాకిరీ చాలు. కానీ కొత్త మొక్క కాపుకు రావడానికి మూడు, నాలుగేళ్లు పడుతుంది. వలసకు టికెట్, పాస్‌పోర్టు, ఏజెంటు. చాలామందికి అది అప్పే.

రాబడి: సబాలో నెలనెలా జీతం. కాఫీకి ఏడాదికి ఒక్క సీజనే. కిటుకు కోతలో ఉంది. ఒకే కొమ్మ మీద ఎర్రపండూ పచ్చికాయా పక్కపక్కనే ఉంటాయి. ఓపిగ్గా ఎర్రవే ఏరితే మంచి ధర వస్తుంది. ఇంట్లో బియ్యం నిండుకున్నాయని కొమ్మంతా దూసి, ముంగిట్లో టార్పాలిన్ మీద ఎండేసి దళారికి అమ్మితే, ఏడాది కష్టం అగ్గువకు పోయినట్టే.

శ్రమ: రెండుచోట్లా నడుం విరుగుతుంది.

రిస్క్: తోటకు వాన, ధర. వలసకు కాగితాలు. పర్మిట్ లేకుండా దొరికితే నిర్బంధం, ఆపై సరిహద్దు దాటి ఇండోనేషియాలోని నునుకాన్ రేవుకు తిప్పి పంపడం. గల్ఫ్ చూసిన జగిత్యాల వాళ్లకు ఈ టెన్షన్ వేరే చెప్పక్కర్లేదు.

సొంత భూమి ఉండి, కోత దాకా ఇల్లు గడిపే మొక్కజొన్న, కూరగాయలు పండుతుంటే తోటే మేలు. భూమి అన్నదమ్ముల మధ్య ముక్కలై, అప్పు నెత్తిన ఉంటే వలసే. అదీ కాగితాలన్నీ చేతికొచ్చాకే ఓడెక్కాలి.