మ్యాచ్ ఎందులో చూడాలి: కేబులా, ఫ్రీ డిష్షా, ఫైబర్ మీద యాపా? శ్రీకాకుళం, విజయనగరం ఇళ్లకు ఏది మేలు

ఐపీఎల్ దగ్గర పడగానే అందరూ అడిగేది "ఏ యాప్ తీసుకోవాలి?" అనే. దానికంటే ముందు చూసుకోవలసింది ఇంటికి వచ్చే లైను. యాప్ అందరికీ ఒకటే. లైను మాత్రం విజయనగరం కోట దగ్గర ఒకలా, చీపురుపల్లి పక్క పల్లెలో ఒకలా, ఉద్దానం కొబ్బరితోటల్లో మరొకలా ఉంటుంది. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రాలు గాలివాన లేచి కరెంటు పోయేది కూడా సరిగ్గా ఏడున్నర మ్యాచ్ వేళకే.

ఏ ఆట ఎక్కడ వస్తుందో ముందు తేల్చుకుందాం. జియోసినిమా, డిస్నీ ప్లస్ హాట్‌స్టార్ కలిసి 2025 ఫిబ్రవరి 14న జియోహాట్‌స్టార్ అయ్యాయి. ఐపీఎల్, మహిళల ప్రీమియర్ లీగ్, భారత్ సొంతగడ్డ మీద ఆడే సిరీస్‌లు, ఐసీసీ టోర్నీలు, ప్రొ కబడ్డీ అన్నీ అందులోనే. క్రికెట్, కబడ్డీ తప్ప మరేదీ చూడని ఇంటికి అదొక్కటే చాలు. ఆసియా కప్, న్యూజిలాండ్‌లో జరిగే మ్యాచ్‌లు, ఛాంపియన్స్ లీగ్ ఫుట్‌బాల్ కావాలంటే సోనీలివ్. ఫార్ములా వన్ కావాలంటే ఫ్యాన్‌కోడ్. ఫ్యాన్‌కోడ్‌లో ఒక్కో మ్యాచ్‌కో ఒక్కో టూర్‌కో విడిగా పాస్ కొనుక్కోవచ్చు, కాబట్టి ఏడాది చందా కట్టాల్సిన పని లేదు.

ఇక్కడే ఒక తిరకాసు ఉంది. టీవీ హక్కులు, యాప్ హక్కులు వేర్వేరుగా అమ్ముడవుతాయి. 2025 వేసవిలో భారత్ ఇంగ్లండ్ వెళ్లినప్పుడు టెస్టులు టీవీలో సోనీ ఛానళ్లలో వస్తే, నెట్‌లో జియోహాట్‌స్టార్‌లో వచ్చాయి. "సోనీలో వస్తోంది కదా" అని సోనీలివ్‌కు డబ్బు కట్టినవాళ్లకు మ్యాచ్ దొరకలేదు. అందుకే విదేశీ టూర్ ఉందంటే మొదటి మ్యాచ్‌కు రెండు రోజుల ముందు యాప్ తెరిచి, ఆ సిరీస్ షెడ్యూల్ పేజీ అందులో ఉందో లేదో చూసి అప్పుడు కట్టాలి.

ఆలస్యం మాటకొస్తే, యాప్ ఓడిపోయేది ఇక్కడే. కేబుల్, డీటీహెచ్‌లలో బంతి పడ్డ కొద్ది సెకన్లకే బొమ్మ కనిపిస్తుంది. యాప్‌లో వీడియోను కొన్ని సెకన్ల ముక్కలుగా కోస్తారు. ఒక్కో ముక్కను నాలుగైదు నాణ్యతల్లో తయారు చేసి సర్వర్లకు పంపుతారు. మీ టీవీ కూడా రెండు మూడు ముక్కలు ముందుగా నిల్వ చేసుకున్నాకే ఆట మొదలుపెడుతుంది. ఇవన్నీ కలిసి సుమారు 20 నుంచి 40 సెకన్లవుతాయి. మధ్యలో ఒకసారి ఆగి తెర మీద చక్రం తిరిగితే ఇంకా వెనకబడుతుంది, దానంతటది ముందుకు రాకపోవచ్చు. తెర మీద "లైవ్" బటన్ నొక్కితేనే మళ్లీ అందుకుంటుంది. మీరు బౌలర్ పరుగు చూస్తుండగానే పక్కింట్లోంచి "ఏటిరా, ఔటైపోనాడా?" అని కేక వినిపిస్తే తప్పు మీ నెట్‌ది కాదు. వాళ్లది కేబుల్. నెట్ వేగం పెంచినంత మాత్రాన ఈ తేడా పోదు. చేయగలిగిందల్లా మ్యాచ్ అయ్యేదాకా ఫోన్‌లో స్కోరు నోటిఫికేషన్లు, వాట్సాప్ గ్రూపులు ఆపేసుకోవడమే.

బొమ్మ నాణ్యతలో మాత్రం మంచి లైనుంటే యాప్‌దే పైచేయి. పాత కేబుల్ బాక్సులో మామూలు ఛానల్‌ను 43 అంగుళాల టీవీలో చూస్తే బంతి మసక చుక్కలా ఉంటుంది. హెచ్‌డీ కావాలంటే హెచ్‌డీ బాక్సు, దాని మీద హెచ్‌డీ ఛానల్ ధర అదనం. యాప్‌లో 1080కి (ఇది బొమ్మ స్పష్టత లెక్క, అంకె పెరిగేకొద్దీ బొమ్మ తేటగా ఉంటుంది) సుమారు 5 నుంచి 6 ఎంబీపీఎస్ ఎడతెగకుండా రావాలి. 720కి సుమారు 3, ఫోన్‌లో సరిపోయే 480కి 1 ఎంబీపీఎస్ చాలు. డేటా లెక్క కూడా దీన్నిబట్టే: 1080లో గంటకు రెండు జీబీ పైన, 720లో జీబీకి కొంచెం పైన, 480లో అర జీబీ లోపు. టీ20 మ్యాచ్ నాలుగు గంటలనుకుంటే 1080లో 9 నుంచి 11 జీబీ దాకా పోతుంది. రోజుకు 2 జీబీ ఫోన్ ప్లాన్ మీద 720లో చూస్తే రెండో ఇన్నింగ్స్ మొదలవకుండానే కోటా అయిపోయి వేగం 64 కేబీపీఎస్‌కు పడిపోతుంది. ఇక స్కోరు కార్డు తెరుచుకోవడమే కష్టం. ఫోన్‌లో చూసేవాళ్లు యాప్ సెట్టింగుల్లో నాణ్యతను "ఆటో"లో వదలకుండా 480 దగ్గర బిగించి పెడితే ఆ 2 జీబీ మ్యాచ్ చివరిదాకా వస్తుంది.

ఇక అసలు సంగతి, లైను, కరెంటు. ఏపీ ఫైబర్‌నెట్ తీగలు ఎక్కువగా విద్యుత్ స్తంభాల మీదుగా వస్తాయి. స్తంభం పడితే కరెంటూ నెట్టూ కలిసే పోతాయి. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానం ఎలా చీకటైందో అక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు. అలాంటి తుపానుకు ఏ ఏర్పాటూ నిలవదు, ఆ మాట పక్కన పెడదాం. మామూలు గంట, రెండు గంటల కరెంటు కోతలో మాత్రం ఫైబర్‌కూ పాత కేబుల్‌కూ పెద్ద తేడా ఉంది. పాత రాగి కేబుల్ మధ్యలో వీధి వీధికీ సిగ్నల్ పెంచే యాంప్లిఫయర్లుంటాయి, వాటికి కరెంటు కావాలి. అందుకే మీ ఇంట్లో ఇన్వర్టర్ నడుస్తున్నా పక్క వీధిలో కరెంటు పోతే మీ బొమ్మ పోతుంది. ఫైబర్‌లో ఆపరేటర్ ఆఫీసు నుంచి మీ ఇంటి దాకా మధ్యలో ఉండేవి వెలుగును ఇళ్లకు పంచే స్ప్లిటర్లు, వాటికి కరెంటు అక్కర్లేదు. ఆపరేటర్ దగ్గర బ్యాటరీ ఉండి, మీ ఇంట్లో ఫైబర్ తీగ వచ్చి చేరే ఓఎన్‌టీ డబ్బాకు బ్యాకప్ ఉంటే నెట్ ఆగదు.

ఆ బ్యాకప్‌కు పెద్ద ఇన్వర్టర్ అవసరం లేదు. 12 వోల్టుల మినీ యూపీఎస్ సరిపోతుంది. ముందు ఓఎన్‌టీ అడాప్టర్ మీద రాసినది చదవండి: 12 వోల్టులు, 1 ఆంపియరా, 1.5 ఆ, 2 ఆ? యూపీఎస్ అంతకంటే తక్కువది తెస్తే డబ్బా పదే పదే రీస్టార్టవుతుంది. పెట్టె మీద 10,000 ఎంఏహెచ్ అని ఉంటే అది లోపలి 3.7 వోల్టుల బ్యాటరీ లెక్క, అంటే 37 వాట్-గంటలు. నష్టాలు పోను 30 అనుకోండి. 10 వాట్లు లాగే ఓఎన్‌టీ దాని మీద సుమారు మూడు గంటలు నడుస్తుంది. ఇదంతా నెట్‌కే. టీవీకి ఇన్వర్టర్ లేకపోతే మిగతా ఓవర్లు ఫోన్‌లోనే.

నెట్ ఆగినప్పుడు ఓఎన్‌టీ మీద లైట్లు చూస్తే సగం జబ్బు తెలిసిపోతుంది. "లాస్" దీపం ఎర్రగా వెలిగితే వెలుగు మీ డబ్బాదాకా రావడం లేదు: తీగ తెగిందో, గోడ మూల దగ్గర మరీ వంచి మేకు కొట్టారో. రీస్టార్ట్ చేసి లాభం లేదు, ఆపరేటర్‌కు ఫోన్ చేయడమే. వచ్చిన కుర్రాణ్ణి, తీగలో వెలుగు బలం కొలిచే పవర్ మీటర్ పెట్టి రీడింగ్ చెప్పమనండి. మైనస్ 20 డీబీఎం చుట్టుపక్కల ఉంటే హాయి. మైనస్ 27 దాటితే వాన పడ్డప్పుడల్లా తెగుతూ ఉంటుంది, జాయింటు మళ్లీ వేయాల్సిందే. ఎర్ర దీపం లేదు, అన్నీ పచ్చగానే ఉన్నాయి, అయినా మ్యాచ్ తిరుగుతూనే ఉందంటే లోపం సాధారణంగా ఇంట్లో వైఫైదో, ఆపరేటర్ దగ్గర రాత్రి రద్దీదో.

ఏది అని తేల్చడం తేలిక. ఓఎన్‌టీ నుంచి టీవీకి నేరుగా లాన్ తీగ (నెట్ కేబుల్) పెట్టి చూడండి. ఆడితే వైఫైదే తప్పు. వీధి గదిలో ఓఎన్‌టీ, రెండు గోడల అవతల టీవీ ఉంటే 5 గిగాహెర్ట్జ్ సిగ్నల్ సరిగా అందదు. 2.4 గిగాహెర్ట్జ్ అందుతుంది కానీ ఇరుగుపొరుగు రౌటర్లన్నీ దాని మీదే ఉంటాయి. టీవీ కదలనిదే కాబట్టి లాన్ తీగనే శాశ్వతంగా వేసేయడం మేలు. టీవీ లాన్ పోర్టు చాలావాటిలో 100 ఎంబీపీఎస్సే, మ్యాచ్‌కు అది ఎక్కువే. తీగతోనూ తిరుగుతుంటే అప్పుడు ఆపరేటర్‌ను అడగాలి, అదీ మధ్యాహ్నం కొలిచిన వేగం చూపించి కాదు, రాత్రి ఎనిమిదిన్నరకు కొలిచింది చూపించి.

ఫైబర్ రాని ఊళ్లో, 5జీ టవర్ దగ్గరగా ఉంటే తీగ లేకుండా టవర్ సిగ్నల్‌తో నడిచే ఎయిర్‌ఫైబర్ రకం కనెక్షన్ పనికొస్తుంది. మేడ మీద పెట్టే డబ్బా టవర్ వైపు చూడాలి, మధ్యలో చెట్లుంటే ఆకులు తడిసినప్పుడు సిగ్నల్ తగ్గుతుంది. టవర్ ఏ మూలనో ఉన్న పల్లెకు నేను యాప్‌ను సిఫారసు చేయను. అక్కడ దూరదర్శన్ ఉచిత డీటీహెచ్ అయిన ఫ్రీ డిష్షే దిక్కు.

డీడీ ఫ్రీ డిష్‌ను చిన్నచూపు చూడకండి. నెల చందా లేదు, బాక్సు, గొడుగు (డిష్) ఒక్కసారి కొంటే అంతే. 2007 నాటి చట్టం ప్రకారం దేశానికి ముఖ్యమైన మ్యాచ్‌ల సిగ్నల్‌ను హక్కులున్న సంస్థ దూరదర్శన్‌ను నడిపే ప్రసార భారతికి ఇవ్వాలి. భారత పురుషుల జట్టు వన్డేలు, టీ20లు ఆ జాబితాలో ఉంటాయి. 2017లో సుప్రీంకోర్టు తీర్పు తర్వాత ఆ ఫీడ్ దూరదర్శన్ సొంత ప్రసారానికీ ఫ్రీ డిష్‌కే పరిమితం. కేబుల్‌లో డీడీ స్పోర్ట్స్ నొక్కితే ఆ సమయానికి వేరే కార్యక్రమం ఉంటుంది. ఐపీఎల్ మ్యాచ్‌లన్నీ మాత్రం ఇందులో రావు, అది గుర్తుంచుకుని కొనండి.

గొడుగు పెట్టేవాళ్లకు ఒక లెక్క. ఫ్రీ డిష్ వచ్చే జీశాట్-15 ఉపగ్రహం 93.5 డిగ్రీల తూర్పున ఉంది. శ్రీకాకుళం నుంచి అది దక్షిణానికి కొంచెం తూర్పుగా, ఉత్తరం నుంచి సవ్యదిశలో సుమారు 152 డిగ్రీల దగ్గర, నేల నుంచి దాదాపు 66 డిగ్రీల ఎత్తులో కనిపిస్తుంది. అంత ఎత్తున ఉంది కనుక ఎదురింటి మేడ అడ్డం రాదు, ఆగ్నేయాన పక్కనే ఉన్న కొబ్బరిచెట్టు మాత్రం వస్తుంది. కుండపోత వానలో సిగ్నల్ పోవడం దీనికీ, ప్రైవేటు డీటీహెచ్‌కూ తప్పదు. పది పదిహేను నిమిషాల్లో వాన సన్నబడగానే తిరిగొస్తుంది. రోజూ పోతుంటే వాన తప్పు కాదు, బిగింపు వదులైన గొడుగుదో తుప్పు పట్టిన పిన్నుదో.

చందాల్లో ఎక్కువమంది బోల్తా పడేది మొబైల్ ప్లాన్ దగ్గర. జియోహాట్‌స్టార్ మొదలైనప్పుడు మొబైల్ ప్లాన్ మూడు నెలలకు 149 రూపాయలు, రెండు పరికరాల సూపర్ ప్లాన్ 299. ధరలు మారుతుంటాయి, తేడా మాత్రం అదే: మొబైల్ ప్లాన్ టీవీలో ఆడదు. ఫోన్ రీచార్జితో ఉచితంగా వచ్చేది కూడా ఎక్కువగా ఈ మొబైల్ ప్లానే. "ఫ్రీగా వచ్చింది కదా, టీవీలో ఎందుకు రావడం లేదు" అని ఆపరేటర్‌తో తగువు పడేవాళ్లు దీన్ని గమనించరు. ప్రకటనలు లేవని ఖరీదైన ప్రీమియం తీసుకోవడం కూడా క్రికెట్ కోసమైతే దండగ, లైవ్ మ్యాచ్‌లో ఓవర్ల మధ్య ప్రకటనలు వస్తూనే ఉంటాయి. తెలుగు వ్యాఖ్యానం కావాలంటే యాప్‌లో భాష మార్చుకోవచ్చు. కేబుల్‌లో స్టార్ స్పోర్ట్స్ తెలుగు ఛానల్ మీ ప్యాకులో ఉందో లేదో విడిగా చూసుకోవాలి.

నా తీర్పు ఇది. పట్టణంలో ఫైబర్ ఉన్న ఇంటికి, పెద్ద టీవీ ఉంటే, సూపర్ ప్లాన్, లాన్ తీగ, మినీ యూపీఎస్. కేబుల్ మానేయవచ్చు. ఇంట్లో పెద్దవాళ్లు రిమోట్‌లో ఛానల్ నంబరు తప్ప మరొకటి నొక్కరంటే కేబుల్ ఉంచి, యాప్ ఐపీఎల్ నెలలకే తీసుకోండి. పల్లెలో లైను నమ్మకం లేకపోతే ఫ్రీ డిష్, దానితోపాటు ఐపీఎల్‌కు ఫోన్‌లో 480. అరుగు మీద పదిమంది కూర్చుని చూసే చోట యాప్ వద్దే వద్దు. పక్క వీధి కేకలకు సగం మజా పోతుంది. టీ కొట్లలో, హోటళ్లలో అయితే ఇంటి చందా యాప్‌ను జనానికి చూపించడం నిబంధనలకే విరుద్ధం. ఆమదాలవలస, కొండవెలగాడ వైపు వెయిట్‌లిఫ్టింగ్ చూసే అభిమానులు మాత్రం ఏ యాప్‌కూ ఏడాది చందా కట్టకండి. 2022 కామన్‌వెల్త్ క్రీడలు సోనీలో వచ్చాయి, 2024 ఒలింపిక్స్ జియోసినిమాలో. పోటీలు దగ్గరపడ్డాక ఎవరి దగ్గరుంటే వాళ్లకు ఒక్క నెల కడితే చాలు.

కట్టేముందు రెండు పనులు. లాగిన్ ఏ ఫోన్ నంబరుతో చేస్తున్నారో చూసుకోండి. హైదరాబాద్‌లో పనిచేసే అబ్బాయి నంబరు పెడితే టీవీ లాగౌట్ అయిన ప్రతిసారీ ఓటీపీ వాడికే వెళ్తుంది, డ్యూటీలో ఉన్నవాడు ఫోన్ ఎత్తేసరికి పవర్‌ప్లే అయిపోతుంది. రెండోది, యూపీఐ ఆటోపే. సీజన్ అయ్యాక యాప్‌ను ఫోన్‌లోంచి తీసేసినంత మాత్రాన చందా ఆగదు. డబ్బు కట్టిన యూపీఐ యాప్‌లో ఆటోపే మాండేట్లు అన్నచోటికి వెళ్లి దాన్ని రద్దు చేయాలి.