ఊరికి సొంత పోలీసులా, షెరీఫ్‌తో కాంట్రాక్టా?

కాలిఫోర్నియాలో లేక్‌వుడ్ 1954లో నగరంగా ఏర్పడినప్పుడు సొంత పోలీసు శాఖ పెట్టుకోకుండా ఆ పనిని డబ్బు కట్టి లాస్ ఏంజెలెస్ కౌంటీ (మన జిల్లా లాంటిది) షెరీఫ్‌కి, అంటే ఆ కౌంటీ పోలీసు అధిపతికి అప్పగించింది. మన తెలుగువాళ్లు చాలామంది ఉండే కూపర్టినోదీ ఇదే పద్ధతి, అక్కడ గస్తీ తిరిగేది శాంటా క్లారా కౌంటీ డెప్యూటీలే, అంటే షెరీఫ్ కింద పనిచేసే పోలీసులే.

సొంత శాఖ అంటే ఖర్చు ఎక్కడెక్కడ పెరుగుతుందో లెక్కేసి చూడండి. ఒక్క పోలీసు కారు రాత్రీపగలూ రోడ్డు మీద ఉండాలంటే వారానికి 168 గంటలు, మనిషికి 40 గంటల చొప్పున నలుగురు చాలరు, సెలవులూ ట్రైనింగూ కలిపితే ఐదుగురు కావాలి, ఆపైన ఫోన్లు ఎత్తేవాళ్లు, హత్య కేసులు చూసేవాళ్లు, సాక్ష్యాలు దాచే గది, రేపటి పెన్షన్లు. చిన్న ఊరు ఇంత మోయలేదు. కాంట్రాక్టులో ఇవన్నీ కౌంటీ చూసుకుంటుంది, ఊరు తన వాటా కడుతుంది.

కానీ పగ్గాలు చేజారతాయి. సొంత పోలీసు చీఫ్‌ని ఊరి పాలన చూసే సిటీ మేనేజరు పిలిచి నిలదీయొచ్చు, షెరీఫ్ మాత్రం కౌంటీ మొత్తం ఓట్లతో గెలిచినవారు. పైగా ఒకసారి శాఖ మూసేస్తే మళ్లీ తెరవడం చాలా కష్టం. లాస్ ఏంజెలెస్ కౌంటీలోనే ఉన్న కాంప్టన్ నగరం 2000లో మూసేసింది, తర్వాత తిరిగి పెడదామని చూసినా డబ్బు దగ్గరే ఆగిపోయింది.

నా మటుకు నాకు చిన్న ఊరికి కాంట్రాక్టే మేలు. అయితే ఎన్ని కార్లు తిరగాలో, పిలిస్తే ఎన్ని నిమిషాల్లో రావాలో, మన వీధులు తెలిసిన డెప్యూటీలని ఎన్నేళ్లు మార్చకూడదో సంతకానికి ముందే రాయించుకోవాలి.