క్రూయిజ్ ఓడలో చెంబు: ఏడు ప్రయాణాల తర్వాత

బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం వైపు నుంచి క్రూయిజ్‌కి బయల్దేరే మన వాళ్ళు ముందు తిండి గురించి అడుగుతారు, తర్వాత వీసా గురించి. అడగడానికి మొహమాటపడే సంగతి ఒకటుంది. ఓడెక్కిన మర్నాడు పొద్దున్న ఆరింటికి నా గదిలో ఫోన్ మోగేది మాత్రం సరిగ్గా దాని గురించే. బాత్‌రూమ్. ఈ సమీక్షంతా దాని మీదే. జారుడుబండలు, షోలు, బఫేల గురించి ఇప్పటికే అందరూ ఊదరగొట్టేశారు కాబట్టి వాటి జోలికి పోను.

కొలతలు ఒక్కసారి చెప్పేసి వదిలేస్తాను. 2022 జూన్‌లో విశాఖకు వచ్చిన కార్డేలియా వాళ్ళ ఎంప్రెస్ 1990లో కట్టింది. 48,563 టన్నులు, 211 మీటర్ల పొడవు. సింగపూర్ నుంచి తిరిగే జెంటింగ్ డ్రీమ్ 2016ది, 1,50,695 టన్నులు, 335 మీటర్లు. రాయల్ కరీబియన్ వాళ్ళ స్పెక్ట్రమ్ 2019ది, 1,69,379 టన్నులు. ఎంఎస్‌సి వాళ్ళ వరల్డ్ యూరోపా 2022లో 2,15,863 టన్నులతో వస్తే, రాయల్ కరీబియన్ 2024 జనవరిలో 2,48,663 టన్నుల ఐకాన్‌ని దింపింది. ఈ టన్నులు బరువు కాదు, ఓడ లోపలి చోటుకి కొలత. కంపెనీలు పోటీపడి పెంచుకుంటున్నది ఆ చోటునే. విశాఖ నుంచి సింగపూర్‌కి నేరుగా విమానం ఉంది గనుక బరంపురం వాళ్ళకి సింగపూర్ ఓడ కూడా అందుబాటులో ఉన్నట్టే.

ఇక అసలు సంగతి. ఇంట్లో కమోడ్ నీళ్ళ బరువుతో దిగుతుంది. ఓడలో గాలి లాగుతుంది. బటన్ నొక్కగానే కమోడ్ వెనకున్న వాల్వ్ కొద్ది సెకన్లు తెరుచుకుంటుంది, పైపులో ఉన్న సక్షన్ ఉన్నదంతా ఒక్క లాగు లాగుతుంది, మళ్ళీ వాల్వ్ మూసుకుంటుంది. లీటరు, లీటరుంపావు నీళ్ళతో పనైపోతుంది. మన ఇళ్ళలో ఆరు లీటర్ల దాకా పోస్తాం. పైపు సన్నది, పైకి కూడా ఎక్కించవచ్చు. అన్ని అంతస్తుల్లో, అన్ని వందల గదుల్లో బాత్‌రూమ్ పెట్టగలిగారంటే దీని పుణ్యమే.

నేను వాడిన ఏ ఓడలోనూ కమోడ్ పక్కన జెట్ స్ప్రే లేదు. షవర్ గొట్టం కమోడ్ దాకా అందదు. అందినా, షవర్ గట్టు దాటి బయట పడిన నీళ్ళు పోవడానికి కొన్ని గదుల్లో తూము ఉండదు, గది కార్పెట్ మీదికి పారతాయి. వాష్‌బేసిన్ కుళాయికి జెట్ స్ప్రే తగిలిద్దామని ఇంటి నుంచి అడాప్టర్ తెచ్చుకున్నవాళ్ళున్నారు. ఆ మరలు మన మరలకి కలవవు, బలవంతంగా తిప్పితే కుళాయి కారుతుంది. పనికొచ్చేది ఒకటే: లీటరు నీళ్ళ సీసా, మూతకి వేడి సూదితో నాలుగు చిల్లులు. మడత పెట్టే సిలికాన్ మగ్గు కూడా బాగుంటుంది గాని, దాంతో నీళ్ళు ఒలికిపోతాయి. సీసాతో ఒకసారికి అరలీటరు మించదు, నేల తడవదు. పెట్టెలో ఇత్తడి చెంబు పెట్టుకొచ్చిన పెద్దవాళ్ళకి స్కానింగ్ దగ్గర ఇబ్బందేమీ రాలేదు. కూడా పెట్టిన ఎలక్ట్రిక్ కెటిల్‌ని, ఇస్త్రీపెట్టెని మాత్రం తీసి పక్కన పెట్టేశారు.

కూర్చోబోయే ముందు కమోడ్‌లో పావు మగ్గు నీళ్ళు పొయ్యండి. లోపల నిలవ ఉండే నీళ్ళు చాలా తక్కువ కాబట్టి అంటుకుపోతుంది, ఒక్క ఫ్లష్‌తో పోదు. మూత వేశాకే బటన్ నొక్కాలి. ఆ చప్పుడికి చిన్నపిల్లలు జడుసుకుంటారు, మొదటి రోజే ఒకసారి చూపించేస్తే మేలు.

ఇప్పుడు పాడైన రోజు గురించి. ఓడ పేరు, కంపెనీ పేరు చెప్పను. మధ్యధరా సముద్రంలో తిరిగే, మధ్యస్థం సైజు, ఇరవై ఏళ్ళు దాటిన ఓడ. పొద్దున్న 6:40కి వెనక వైపు గదుల్లో సక్షన్ పోయింది. బటన్ నొక్కితే చిన్న టక్ మంటుంది తప్ప లాగడం లేదు. ఆ వరసలో మన గుంపువి మూడు గదులు. ఒక మామ్మగారు ఇంట్లో చేసినట్టే చేశారు. ఒక చెంబు పోశారు, దిగలేదు. రెండోది పోశారు. "ఒరే నాయనా, నీళ్ళు పోస్తుంటే పైకి లేస్తోందిరా" అని మనవణ్ణి పిలిచేసరికి మూడో చెంబు కూడా పడింది. మొత్తం నేల మీదికి, అక్కణ్ణించి కార్పెట్ మీదికి వచ్చేసింది.

ఇది మతిమరుపు కాదు, అలవాటు. ఇంట్లో కమోడ్ కింద పైపు ఎప్పుడూ తెరిచే ఉంటుంది, బకెట్ నీళ్ళు గుమ్మరిస్తే తోసుకుపోతుంది. ఓడ కమోడ్‌కి వెనకున్న ఆ వాల్వ్ మూసి ఉంటుంది. సక్షన్ లేకపోతే అది గిన్నె లాంటిదే, పోసిందల్లా అందులోనే ఉంటుంది. మూడు గదుల్లో రెండింటిది ఇదే కథ. ఆవిడ చేసిన తప్పేమీ లేదు. ఈ ఒక్క ముక్క చెప్పే కాగితం గదిలో ఏ భాషలోనూ లేకపోవడం మీదే నా కోపం.

11:20కి బాగయింది. కారణాలు రెండని చెప్పారు. ఒక గదిలో వాల్వ్ తెరుచుకుని ఇరుక్కుపోయి రాత్రంతా గాలి లాగుతూనే ఉంది, దాంతో ఆ వరస మొత్తానికి సక్షన్ పడిపోయింది. అదే నిలువు పైపులో తడి వైప్స్, జుట్టు ఉండ చుట్టుకుని అడ్డం పడ్డాయి. తల దువ్వాక చేతికొచ్చిన జుట్టుని ఉండ చుట్టి కమోడ్‌లో వేసే అలవాటు మన ఇళ్ళలో ఎంతుందో మీకూ తెలుసు. ఓడలో అది వైప్ కంటే ఏమీ తక్కువ కాదు. మామిడి టెంక, వక్కముక్కలు, శానిటరీ ప్యాడ్ కూడా అంతే. పాత ఓడల్లో పైపు లోపల గార పేరుకుపోయి దారి సన్నబడుతుంది కాబట్టి ఇవి ఇంకా త్వరగా అడ్డం పడతాయి.

మీ గదిలో ఇలా జరిగితే: ఒక్కసారే నొక్కి, నిమిషం ఆగి, చెవి పెట్టండి. లాగే చప్పుడే లేదంటే వరసంతా పోయి ఉండొచ్చు. ఆగకుండా బుస్సుమంటుంటే పాడైంది మీ వాల్వే, మీ వల్ల పక్కవాళ్ళకీ పోతోంది, వెంటనే ఫోన్ చెయ్యండి. ఊరికే నొక్కుతూ కూర్చోవద్దు. కొన్ని ఓడల్లో మీరు నొక్కింది గుర్తుంచుకుని, సక్షన్ రాగానే అన్నీ ఒక్కసారే లాగుతాయి, మళ్ళీ పడిపోతుంది. నీళ్ళు పోయకండి. మూత వేసి, థియేటర్ దగ్గరో డైనింగ్ హాల్ దగ్గరో ఉన్న టాయిలెట్‌కి నడవండి. మీ గదికి వీలైనంత దూరంగా, ఓడ మధ్యకో ముందుకో వెళితే అవి వేరే లైన్ మీద ఉండే అవకాశం ఎక్కువ. స్నానానికి మాత్రం భయం లేదు. చాలా ఓడల్లో షవర్ నీళ్ళు వాటి బరువుతోనే పోతాయి.

అడిగినవాళ్ళందరికీ "పెద్దదే ఎక్కండి" అని చెబుతూ వచ్చాను. ఇప్పుడు ఆ మాట కొంచెం సర్దుకోవాలి. పనికొచ్చిన తేడా సైజుది కాదు, కట్టిన ఏడాదిది. 2010 జులై 1న గానీ ఆ తర్వాత గానీ కీల్ (ఓడ అడుగు దూలం) వేసి కట్టడం మొదలెట్టిన పెద్ద ప్రయాణికుల ఓడలకి అంతర్జాతీయ నిబంధన ఒకటుంది. అగ్నిప్రమాదం వల్ల ఓడలో ఒక భాగం పోయినా (దానికీ ఒక హద్దు పెట్టారనుకోండి), ఓడ తనంతట తాను రేవుకి చేరాలి. అందాకా ప్రయాణికుల్ని ఉంచే చోట నీళ్ళు, తిండి, వెలుతురు, గాలితో పాటు మరుగుదొడ్లు కూడా పనిచెయ్యాలి. దానివల్ల పంపులు, పైపులు విడివిడి భాగాలుగా పెట్టక తప్పలేదు. ఇది ఎందుకు ముఖ్యమో 2013 ఫిబ్రవరిలో కార్నివాల్ ట్రయంఫ్ చూపించింది. 1999లో కట్టిన ఓడ. ఇంజన్ గదిలో మంటలొచ్చి కరెంటు పోయింది, దాంతో సక్షన్ పోయింది. నాలుగు వేల పైచిలుకు జనం రోజుల తరబడి నడిసముద్రంలో ఉన్నారు, చివరికి టగ్గులు లాక్కొచ్చి అలబామాలో మొబైల్ రేవుకి చేర్చాయి.

ఆ లెక్కన జెంటింగ్ డ్రీమ్, స్పెక్ట్రమ్, వరల్డ్ యూరోపా, ఐకాన్ అన్నీ కొత్త నిబంధన కిందికే వస్తాయి. ఎంప్రెస్ రాదు. అలాగని దాన్ని తీసిపారెయ్యను. 211 మీటర్ల ఓడలో మోకాళ్ళ నొప్పి మనిషి గది నుంచి డైనింగ్‌కి నడవగలడు. 335 మీటర్ల ఓడలో చివరి గది దొరికితే ఆ నడకే పెద్ద పని, రాత్రి భోజనం వేళ లిఫ్టు రెండు మూడు సార్లు నిండుగా వచ్చి వెళ్ళిపోతుంది. టాయిలెట్ కోసం "నడవండి" అని పైన తేలిగ్గా రాశాను గానీ, పెద్ద ఓడలో డెబ్భై అయిదేళ్ళ మనిషికి అది తేలికేమీ కాదు. పెద్ద ఓడల సక్షన్ గట్టిది, నిజమే. పక్క గదివాళ్ళు అర్ధరాత్రి రెండింటికి నొక్కితే మనకి మెలకువ వచ్చేంత గట్టిది.

బుకింగ్ చేసేటప్పుడు డెక్ ప్లాన్ (ఏ అంతస్తులో ఏ గది ఎక్కడుందో చూపే పటం) దగ్గర పెట్టుకోండి. మంటలు పాకకుండా ఓడని నిలువుగా భాగాలు చేస్తారు, ఒక్కొక్కటి 48 మీటర్ల పొడవు దాటకూడదు. లోపలికెళ్ళాక కారిడార్‌లో గోడలోకి మడిచి ఉండే ఇనుప తలుపులు కనిపిస్తాయి, అవే హద్దులు. 335 మీటర్ల ఓడలో కనీసం ఏడు భాగాలుంటాయన్నమాట. పది మంది గుంపైతే గదులన్నీ పక్కపక్కనే కావాలని పట్టుబట్టకండి. సగం లిఫ్టులకి ముందు, సగం లిఫ్టులకి వెనక తీసుకుంటే ఒక వరస పోయినా రెండోది ఉంటుంది. ఒకే నిలువులో మీద ఒకటి, కింద ఒకటి గదులు తీసుకుంటే దూరం తగ్గినట్టు ఉంటుంది గానీ పైపు ఒకటే.

ఇదంతా పెద్దవాళ్ళు, చంటిపిల్లలు ఉన్న ఉమ్మడి కుటుంబాలకి. మొగుడూ పెళ్ళాం ఇద్దరే వెళ్తే ఇందులో సగం పట్టించుకోనక్కర్లేదు. ధర చూసుకుని ఎక్కేయండి. పెద్దవాళ్ళతో మూడు రాత్రుల ప్రయాణమైతే నా ఓటు ప్రస్తుతానికి జెంటింగ్ డ్రీమ్‌కే, అదీ లిఫ్టుకి అయిదారు గదుల లోపు, రెండు భాగాల్లో గదులు దొరికితేనే. అలా దొరకని తేదీకి, చూసేవాళ్ళకి ఓడ ఎంత పెద్దదైనా, నేను టికెట్ తియ్యను.