ఫోన్‌లో యాడ్, కౌంటర్‌లో బిల్లు: గూగుల్, మెటా కొలత సాధనాలపై సమీక్ష

చీరల షోరూములు, నగల దుకాణాలు, గృహోపకరణాల షాపులు గూగుల్‌లో, ఇన్‌స్టాగ్రామ్‌లో ఎంత యాడ్ ఇచ్చినా, అమ్మకం మాత్రం ఇంకా కౌంటర్ దగ్గరే జరుగుతోంది. యాడ్ చూసినవారిలో ఎందరు దుకాణం మెట్లెక్కారో, ఎంతకు కొన్నారో తేల్చి చెబుతామనే సాధనాలకు అందుకే గిరాకీ పెరిగింది. వాటిలో గూగుల్ యాడ్స్‌లోని ‘స్టోర్ విజిట్స్’ను, ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌లను నడిపే మెటా వారి ఆఫ్‌లైన్ (అంటే దుకాణంలో జరిగే) కొనుగోళ్ల అనుసంధానాన్ని మన ఊళ్ల వ్యాపారాల అవసరం దృష్ట్యా ఇక్కడ పరిశీలిస్తున్నాను.

గూగుల్ తన కొలతను 2014 డిసెంబరులో ప్రవేశపెట్టింది. యాడ్ మీద నొక్కిన వ్యక్తి గూగుల్ ఖాతాతో లాగిన్ అయి, తాను తిరిగిన చోట్ల వివరాలను భద్రపరచడానికి అనుమతించి ఉంటే, ఆ ఫోను తర్వాతి రోజుల్లో దుకాణం దాకా వచ్చిందో లేదో జీపీఎస్, వైఫై సంకేతాల సాయంతో గుర్తిస్తుంది; అలా అనుమతించినవారి రాకపోకలను బట్టి మిగతావారికీ లెక్కగట్టి, ఎవరి వివరాలూ బయటపెట్టకుండా మొత్తం సంఖ్యగా చూపిస్తుంది. అంటే రిపోర్టులో కనిపించేది ఒక అంచనా. దుకాణానికి గూగుల్ బిజినెస్ ప్రొఫైల్‌లో ధ్రువీకరణ ఉండాలి, క్లిక్కులూ రాకపోకలూ తగినన్ని ఉండాలి. కాబట్టి ఒక్క కౌంటరుతో నడిచే చిన్న షాపుకు ఆ కాలమ్ ఖాళీగానే మిగిలే అవకాశం ఎక్కువ. విజయవాడ బీసెంట్ రోడ్డులా గోడకు గోడ ఆనుకుని షాపులుండే బజార్లలో పక్క షాపుకు వెళ్ళినవారిని మన లెక్కలో వేసే ప్రమాదం ఎంతో కొంత ఉంటుంది కనుక, విడిగా స్థలమూ పార్కింగూ ఉన్న షోరూముల విషయంలోనే ఈ అంకెను నేను ఎక్కువగా నమ్ముతాను.

పైగా లోపలికి వచ్చినవారంతా కొన్నట్టు కాదు. ఒక్కో రాకకు ఎన్ని రూపాయల విలువ వేయాలో యాడ్ ఇచ్చేవారే నిర్ణయించి నింపుతారు. రిపోర్టులో లక్షల్లో కనిపించే రాబడి, ఆ విలువను రాకల సంఖ్యతో హెచ్చవేయగా వచ్చినదే. యాడ్లు నడిపిపెట్టే ఏజెన్సీవారు నెలాఖరులో ఆ పట్టికను తెర మీద వేసినప్పుడు, ఆ విలువను ఎవరు, ఏ బిల్లులు చూసి నిర్ణయించారని యజమాని మొదట అడగాలి.

మెటా పద్ధతి అసలు బిల్లులతోనే మొదలవుతుంది. కొన్నవారి ఫోన్ నంబరు, తేదీ, మొత్తం వంటి వివరాలను దుకాణమే పంపుతుంది. నంబరును షా-256 పద్ధతిలో అర్థంకాని అక్షరాల వరుసగా మార్చి, ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ ఖాతాల నంబర్లతో సరిపోలుస్తారు. ఇందుకోసం విడిగా ఉండిన ఏపీఐ (రెండు సాఫ్ట్‌వేర్లు సమాచారం ఇచ్చిపుచ్చుకునే మార్గం) 2025లో ఆగిపోయి, ఇప్పుడీ పని కన్వర్షన్స్ ఏపీఐ ద్వారా జరుగుతోంది. కొన్న 62 రోజుల్లోగా వివరాలు చేరాలి. గూగుల్‌లోనూ ఇలా బిల్లుల వివరాలు పంపే వీలుంది.

ఈ పద్ధతి బలమంతా కౌంటర్‌లో టైపు చేసే ఆ పది అంకెల మీదే ఆధారపడి ఉంది. నేను చూసిన బిల్లింగ్ ఫైళ్లలో, నంబరు ఇవ్వనివారి పేరిట పది తొమ్మిదులో, క్యాషియర్ సొంత నంబరో వరుసగా కనిపించడం మామూలే. ఒకే నంబరును ఒకచోట ముందు సున్నాతోను, మరోచోట 91తోను పంపితే, వచ్చే అక్షరాల వరుసలకు ఏ పోలికా ఉండదు. ఆ బిల్లు ఎవరికీ జత కుదరక వృథా అవుతుంది. నంబరు సరిగ్గానే ఉన్నా, మన ఇళ్లలో కొనే తీరు మరో చిక్కు తెస్తుంది. పెళ్ళి చీరల రీలు చూసేది కూతురు, దుకాణంలో చీరలు పరిపించి ఎంచేది తల్లీ పిన్నీ, క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి డబ్బు కట్టి తన నంబరు చెప్పేది తండ్రి. లక్ష రూపాయల ఆ కొనుగోలు కూతురు చూసిన యాడ్ లెక్కలోకి ఎప్పటికీ రాదు. ఈ లోటును ఏ సాఫ్ట్‌వేరూ పూడ్చలేదు. ‘మా గురించి ఎక్కడ చూశారమ్మా’ అని బిల్లు వేసేటప్పుడు అడిగి, ఆ జవాబును బిల్లులోనే నమోదు చేసుకోవడం కొంతవరకు పూడుస్తుంది.

యాడ్‌కూ కొనుగోలుకూ జత కలపడానికి అమెరికాలో కార్డు చెల్లింపులను వాడుకున్నారు. అక్కడి క్రెడిట్, డెబిట్ కార్డు లావాదేవీల్లో దాదాపు 70 శాతం భాగస్వామ్య సంస్థల ద్వారా తమకు అందుబాటులో ఉన్నాయని గూగుల్ 2017లో ప్రకటించింది. మాస్టర్‌కార్డ్‌తో కుదిరిన ఒప్పందం గురించి 2018 ఆగస్టులో బ్లూమ్‌బర్గ్ రాసింది. కిరాణా కొట్టు నుంచి షోరూము దాకా యూపీఐ నడిచే మన దగ్గర ఆ దారి అంత సులువు కాదు, కాకపోవడమే మంచిదని నా అభిప్రాయం.

నంబరు అడగడానికీ హద్దులున్నాయి. ఫోన్ నంబరు ఇచ్చి తీరాలని పట్టుబట్టవద్దని కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 మేలో చిల్లర వ్యాపారులకు సూచించింది. అదే ఏడాది ఆగస్టులో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం, సమాచారాన్ని ఏ పనికి వాడతారో చెప్పి సమ్మతి తీసుకోవాలని, ఆ వివరాన్ని తెలుగుతో సహా రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని భాషల్లో చదువుకునే వీలుండాలని చెబుతుంది. వారంటీ కోసమని తీసుకున్న నంబరును యాడ్ల కంపెనీకి పంపితే, షా-256తో మార్చాం కదా అనే సమాధానం చాలదు. పది అంకెల నంబర్లన్నిటికీ ముందే అలాంటి వరుసలు కట్టి పోల్చుకోవడం నేటి కంప్యూటర్లకు పెద్ద పని కాదు.

ఇన్ని చేసినా, యాడ్ లేకపోయినా ఆ మనిషి వచ్చి కొనేవాడా అన్న ప్రశ్నకు ఈ రిపోర్టుల్లో జవాబు దొరకదు. ఆషాఢం తగ్గింపు అమ్మకాలను, పెళ్ళిళ్లూ వరలక్ష్మీ వ్రతమూ వచ్చే శ్రావణంతో పోల్చి యాడ్ ఫలితం తేల్చడం కుదిరే పని కాదు. రెండు శాఖలున్న సంస్థ అయితే, అవే ధరలతో వరంగల్ చుట్టుపక్కల యాడ్లు నడిపి, కరీంనగర్‌లో కొన్ని వారాలు ఆపి, రెండు చోట్ల బిల్లులను నిరుడు అదే తిథుల నాటి బిల్లులతో పోల్చి చూడవచ్చు. ఆపిన చోట గిరాకీ తగ్గుతుందేమోనని యజమానులు జంకుతారు గానీ, నమ్మదగిన జవాబు ఇందులోనే దొరుకుతుంది.

రెండు యాడ్లలో ఏది ఎక్కువ మందిని రప్పిస్తోందో పోల్చుకోవడానికి ఈ సాధనాలు బాగానే పనికొస్తాయి కనుక, ఐదుకు మూడు ఇస్తాను. వీటి అంకెల మీద ఏజెన్సీకి కమీషన్ ఇచ్చే ఒప్పందం మాత్రం ఏ దుకాణమూ చేసుకోకూడదు. ఒక్కో రాకకు విలువ నింపేది చాలాచోట్ల ఆ ఏజెన్సీవారే.