టేకు ద్వారబంధం, వేప కిటికీలు: పదిహేనేళ్లు వాడాక

2010లో తిరుపతిలో ఇల్లు కట్టుకున్నప్పుడు వీధి తలుపుకీ ద్వారబంధానికీ టేకు పెట్టించి, డబ్బులు చాలక కిటికీలకు వేప చెక్కతో సరిపెట్టాం.

మొదట టేకు సంగతి. చేవ ఉన్న భాగం ఇప్పటికీ మేకు దిగనంత గట్టిగా ఉంది. కానీ కుడి కాలు అడుగున చేవ లేని తెల్ల భాగం జానెడు కలిసిపోయిందని పెయింట్ కింద మాకు తెలియలేదు. 2021 నవంబరు వరదకు నీళ్లు గడప దాకా వచ్చి ఒక్క రోజులో పోయాయి, బతికిపోయాం అనుకున్నా. తర్వాతి మార్చిలో ఆచారి వచ్చి స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే, టీలో ముంచిన రస్కులోకి దిగినట్టు దిగిపోయింది, గోధుమరంగు పెళ్లలు పొడిపొడిగా రాలాయి. "అన్నా, పైన రంగే గానీ లోపల చెక్క లేదు" అన్నాడు.

తప్పంతా వరదది కూడా కాదు. చెక్కలో తేమ 20 శాతం లోపు ఉంటే కుళ్లు సాగదు, అది దాటి చాలా రోజులు నిలిస్తేనే బూజుజాతి పని మొదలవుతుంది, దానికి ఇష్టమైన 20-30 డిగ్రీల వేడి మనకు నవంబరు, డిసెంబరుల్లో ఉండనే ఉంటుంది. షెఫర్ అనే అమెరికా ఆయన 1971లో, ఏ ఊళ్లో చెక్క ఎంత తొందరగా పుచ్చుతుందో అంచనాకు ఒక లెక్క కట్టాడు. అందులో ఎన్ని మిల్లీమీటర్లు కురిసిందన్నది లేదు, నెలలో ఎన్ని రోజులు కురిసింది, ఎంత వేడి ఉంది, అంతే. అంటే కుండపోత కన్నా వారం రోజుల ముసురే చెక్కకు చేటు. మా ద్వారబంధం అడుగు నుంచి పీల్చుకున్న నీళ్లను ఎనామిల్ పెయింట్ బయటికి పోనివ్వలేదు, ఆరేలోపు మళ్లీ ముసురు. ఆ ఒక్క వాననీ వాతావరణ మార్పు మీదికి తోసెయ్యను గానీ, వేడి పెరిగేకొద్దీ ఈ లెక్క చెక్కకు ఎదురుతిరుగుతుందని మాత్రం అర్థమైంది.

వేప కిటికీలు ఇంకో కథ. పడమటిది ఎండకు నెర్రెలిచ్చింది, మే నెలలో పెయింట్ చిట్లితే ఆ సందులోంచే తొలివాన లోపలికి పోతుంది. ఈశాన్య రుతుపవనాల జల్లు నేరుగా కొట్టే తూర్పుదానికి అడుగు పట్టీ పుచ్చింది. వంటింటి కిటికీ మాత్రం, అదే చెక్క, అదే ఆచారి చేయి, చెక్కుచెదరలేదు, ఎందుకంటే దాని మీద రెండడుగుల సజ్జ ఉంది! ఏ చెక్క కొనాలని నెల రోజులు తిరిగిన మేము సజ్జ గురించి పది నిమిషాలు కూడా ఆలోచించలేదు.

పుచ్చిన కాలు అడుగు మేర కోసి కొత్త టేకు అతికించి, కింద రాయి పెట్టించాం, ఆరున్నర వేలయింది. ఎనామిల్ మానేసి ఏటా ఎండాకాలంలో అవిసె నూనె పూస్తున్నాం, మూడేళ్లుగా బాగానే ఉంది, చేతికి జిడ్డు తప్ప.

టేకుకు ఐదుకు నాలుగు. వేపకు రెండున్నర, ఆ అర వంటింటి కిటికీ పుణ్యం. తూర్పు కిటికీకి అక్టోబరులోపు సజ్జ పోయించాలి, మేస్త్రీ ఏమో రేపు, ఎల్లుండి అంటున్నాడు.