దారిలో కార్చిచ్చు: ఆగడమా, దాటేయడమా, తిరగేయడమా?

పసిఫిక్ క్రెస్ట్ ట్రెయిల్ అమెరికా పడమటి కొండల మీదుగా మెక్సికో సరిహద్దు నుంచి కెనడా సరిహద్దు దాకా సాగే కాలిబాట, సుమారు 4,265 కిలోమీటర్లు. వసంతంలో దక్షిణం నుంచి బయల్దేరినవాళ్లు ఉత్తర కాలిఫోర్నియా, ఆరెగాన్ చేరేది జులై, ఆగస్టు నెలల్లో. అడవులు అంటుకునేదీ అప్పుడే. ముందు దారి మూసేశారని తెలిస్తే మిగిలేవి నాలుగు మార్గాలు.

ఊళ్లో ఆగి చూడటం అందరికీ మొదట తట్టేది. అడ్డు పొగ ఒక్కటే అయితే అది సబబే, గాలి మళ్లితే రెండు మూడు రోజుల్లో తేటపడొచ్చు. మూసివేత ఉత్తర్వు వచ్చిందంటే మాత్రం లెక్క వేరు. మంట చల్లారినా కాలిన మానులు గాలి లేకుండానే కూలుతాయి, నేల కింద వేళ్లు కాలి గుంతలు పడతాయి. అందుకే దారి వెంటనే తెరవరు. 2021లో కాలిఫోర్నియాలోని జాతీయ అడవులు దాదాపు అన్నిటినీ ఆగస్టు 31 నుంచి రెండు వారాల పాటు మూసేశారు. అన్నాళ్లు కూర్చుంటే బాట ఉత్తర కొసన ఉన్న వాషింగ్టన్ రాష్ట్రపు కొండల్లో మంచు పడే వేళకు చేరతారు. మూడు రోజులు మించి ఆగొద్దు.

రోడ్డు వెంట చుట్టి నడవడం 'అడుగు కూడా తప్పలేదు' అనిపించుకోవాలనే పట్టుదల ఉన్నవాళ్ల ఎంపిక. నా లెక్కలో అన్నిటికన్నా నాసి ఇదే. రాత్రి చల్లబడ్డాక పొగ లోయల్లోకి దిగి పొద్దెక్కేదాకా అక్కడే ఉంటుంది, రోడ్లు ఉండేదీ ఆ లోయల్లోనే. పైగా ఊళ్లు ఖాళీ చేసే కార్లు, అగ్నిమాపక వాహనాలు వచ్చేది అదే రోడ్డు మీద, పొగలో డ్రైవరుకు మీరు కనబడరు. ఎన్95 మాస్కు పొగలోని సన్నటి నుసిని ఆపుతుంది, కార్బన్ మోనాక్సైడ్‌ని ఆపదు. గడ్డం ఉంటే అంచుల్లోంచి గాలి దూరి నుసిని కూడా సరిగా ఆపదు. గాలి నాణ్యత సూచీ 150 దాటితే మూట మోస్తూ నడక వద్దు.

మూసిన ముక్క చిన్నదైతే బండెక్కి దాటేయడమే మేలు. మూసివేత ఎక్కడ ముగుస్తుందో అక్కడ కాకుండా, దాని తర్వాతి రోడ్డు కూడలిలో దిగండి. మంట పెరిగితే మూసివేత హద్దు జరుగుతుంది, వెనక్కి రావాల్సి వస్తుంది. ముందుకు పోస్టులో పంపుకున్న తిండి పెట్టె మధ్యలో చిక్కుకుందేమో కూడా చూసుకోండి.

ఆగస్టులో వందల కిలోమీటర్లు మూతపడితే తిరగేయడం ఉత్తమం. ఉత్తరానికి వెళ్లి దక్షిణంగా నడిస్తే వాషింగ్టన్ మంచుకు ముందే పూర్తవుతుంది, కాలిన చోటు చివరికి మిగులుతుంది. కెనడా వైపు నుంచి ఈ బాట మీద అమెరికాలోకి రావడం చట్టవిరుద్ధం. కాబట్టి వాషింగ్టన్‌లోని హార్ట్స్ పాస్ అనే కనుమ దగ్గర మొదలెట్టి, సుమారు 48 కిలోమీటర్లు ఉత్తరానికి వెళ్లి సరిహద్దు స్తంభం తాకి, అదే దారిన వెనక్కి రావాలి. ఖర్చు ఎక్కువే, తోటి నడకగాళ్లూ విడిపోతారు.

మూసిన దారిలో దొంగతనంగా దూరడం ఎంపికే కాదు: 5,000 డాలర్ల దాకా జరిమానా, ఆరు నెలల దాకా జైలు.

ఇవన్నీ ఊళ్లో కూర్చుని తేల్చుకునేవి. బాట మీద ఉండగా పొగ స్తంభం లేస్తే వీటిలో ఏదీ వద్దు. నిప్పు ఎగువకు వేగంగా ఎక్కుతుంది గనక దానికి పైనున్న వాలులో ఉండకండి. వచ్చిన దారి తేటగా ఉంటే ఆ దారినే దగ్గరి రోడ్డుకు దిగిపోండి.