క్రిస్మస్ కానుకలు: మనిషికింతా, మొత్తానికింతా, చీటీలా – ఏది మేలు?

ఇంటిల్లిపాదికీ క్రిస్మస్ కానుకలు కొనేటప్పుడు ఖర్చు చెయ్యి దాటకుండా చూసుకునే పద్ధతులు ముఖ్యంగా మూడు. మనిషికి ఇంత అని హద్దు పెట్టుకోవడం, అందరికీ కలిపి ఒక మొత్తం పక్కన పెట్టడం, పేర్ల చీటీలు తీసి ఒక్కొక్కరు ఒక్కరికే కొనడం. సులువుగా తోచేది మొదటిది. జేబుకు చిల్లు పెట్టేదీ అదే.

మనిషికి 1,000 అనుకున్నారనుకోండి. 850కే మంచి వస్తువు దొరికితే సంతోషించి ఊరుకోం, మిగిలిన 150కి ఇంకేదో చిన్నది జత చేస్తాం. వస్తువు 1,080 అయితే మాత్రం ‘ఎనభయ్యేగా’ అని సరిపెట్టుకుంటాం. తగ్గినది మిగలదు, పెరిగినది ఎక్కడా తగ్గదు. పైగా హద్దు ఉన్నది మనిషికే, మనుషుల సంఖ్యకు కాదు. పదిమందితో మొదలైన జాబితా పద్నాలుగుకు చేరినా, మాట తప్పామని ఎవరికీ అనిపించదు.

మొత్తానికి హద్దు పెడితే ఈ రెండూ కుదరవు. అప్పు చేయకుండా ఎంత ఇవ్వగలమో ముందు తేల్చుకోవాలి. అది 12,000 అయితే ప్యాకింగుకూ కొరియర్‌కూ 10 శాతం, అంటే 1,200 తీసేయండి. మర్చిపోయిన మనిషి చివర్లో ఎవరో ఒకరు గుర్తొస్తారు, వాళ్లకోసం ఇంకో 600. మిగిలిన 10,200ను మొదటి వస్తువు కొనకముందే పేర్ల ఎదురుగా పెన్సిల్‌తో పంచి రాయాలి. ఈ పని వదిలేస్తే ముందు కొన్న నలుగురికీ ఘనంగా ముడుతుంది, చివరివాళ్లకు అరకొరే. ఒకరికి 200 ఎక్కువైతే అదే రోజు ఇంకొకరి ఎదురుగా ఉన్న 1,500 కొట్టేసి 1,300 రాయాలి. ఆ కొట్టివేత చేతికి కాస్త బరువుగానే ఉంటుంది, కానీ లెక్కను కాపాడేది అదే. కొనే వరుసలో దూరం పంపాల్సినవి ముందుండాలి. ఆలస్యమైతే వస్తువు కన్నా కొరియర్ ఖర్చే బాధ పెడుతుంది.

పెద్దవాళ్లు ఎనిమిదిమంది ఉన్న కుటుంబమైతే చీటీలకు సాటి లేదు. అందరూ అందరికీ ఇస్తే 56 కానుకలు, చీటీలైతే 8. దీన్నే సీక్రెట్ శాంటా అంటారు. ఇబ్బందల్లా చీటీలు తీయడంలో వస్తుంది: తలా ఒక చీటీ తీస్తే ఎవరో ఒకరికి తన పేరే వచ్చే అవకాశం దాదాపు 63 శాతం. మళ్లీ మళ్లీ కలపడం కన్నా ఆటలో లేని ఒకరు చీటీలను కలిపి గుండ్రంగా పరిస్తే సరి, ప్రతివారూ తమ చీటీకి కుడిపక్కనున్న పేరుకు కొంటారు. భార్యాభర్తలు పక్కపక్కన పడితే ఒక చీటీ జరిపితే చాలు.

ధర హద్దు మాత్రం అందరిలో తక్కువ ఆదాయం ఉన్నవారిని విడిగా అడిగి పెట్టాలి. నలుగురిలో అడిగితే ఎవరూ కాదనలేరు. ప్రతివారూ తమకు కావాల్సినవి మూడు రాసి ఇవ్వడం కూడా మంచిది. కానుక అందుకున్నవారి దృష్టిలో దాని విలువ, ఇచ్చినవారు పెట్టిన ధర కన్నా 10 శాతం నుంచి మూడో వంతు దాకా తక్కువగా ఉంటుందని జోయెల్ వాల్డ్‌ఫోగెల్ అనే ఆర్థికవేత్త 1993లో లెక్కగట్టారు. రాసిచ్చిన జాబితా ఉంటే ఆ నష్టం చాలావరకు తగ్గుతుంది.

నలుగురే ఉన్న ఇంట్లో చీటీలకు అర్థం లేదు, పిల్లలను అందులో చేర్చడమూ వద్దు. వాళ్లకు మొత్తం హద్దు పద్ధతే నయం, ఒక్క జాగ్రత్తతో. చిన్నపిల్లలు ధర చూడరు, పొట్లాలు లెక్కపెడతారు. అన్నకు ఒక ఖరీదైన వస్తువు, తమ్ముడికి మూడు చవకవి కొంటే డబ్బు సమానమైనా గొడవ తప్పదు. అందుకే ముందు సంఖ్య సమానం చేసి, ఆ తర్వాత ధరలు సర్దండి.

డబ్బు విషయానికొస్తే, ఆ 12,000ను పది నెలలకు విడగొట్టి నెలకు 1,200 చొప్పున విడి ఖాతాలో వేయడం, క్రెడిట్ కార్డు మీద కొని తర్వాత తీర్చడం ఒకటి కావు. నెలకు 3 శాతం వడ్డీ అంటే ఏడాదికి 36 అనుకుంటాం. తీర్చకుండా వదిలేస్తే వడ్డీ మీద వడ్డీ పడి 42 శాతం దాటుతుంది.